రెండో మెట్టు రాయి

పోయిన వారం మిమ్మల్ని నగల దుకాణం నట్టనడుమ, ఒక పెద్ద గొడవలో నిలబెట్టి వెళ్ళిపోయాను. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మా మామయ్య ఈ దుకాణంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా వజ్రాలు చూస్తున్నారు. అమ్మడం ఆయన పని కాదు, చూడడమే పని. రాయి ఎంత తెల్లగా ఉంది, లోపల మచ్చలెక్కడున్నాయి, సాన ఎలా పట్టారు అన్నీ చూసి చీటీ రాయిస్తారు. ఆ చీటీని బట్టే ధర. ఏడాదిగా ఆయన పక్కన కూర్చుని ఆ పని నేర్చుకుంటున్న కోడల్ని నేను. మూడు నెలల కిందట ఒకావిడ మా దగ్గర ఉంగరం కొనుక్కుంది. ఆవిడకి డ్రైవింగ్ స్కూలుంది, ఎండైనా వానైనా చేతిలో ఎర్ర గొడుగుంటుంది, అందుకని మాకు ఆవిడ గొడుగావిడ. రాయి తెలుపు రెండో మెట్టు అని చీటీలో ఉంది. బయట ఇంకొకరికి చూపిస్తే మూడో మెట్టన్నారట. ఒక్క మెట్టేగా అనుకోకండి. వజ్రంలో ఒక మెట్టు దిగితే ఆవిడ ఇచ్చిన ధరలో ఐదో వంతు గాలికి పోయినట్టే.

గొడుగావిడ ఉంగరం పట్టుకుని వచ్చింది. మామయ్య దాని వంక చూడను కూడా చూడలేదు. "మూడో మెట్టు రాయిని నేను రెండని చచ్చినా రాయను. అంటే ఇది నేను చూసిన రాయి కాదు. మార్చి తెచ్చారు," అనేశారు. నిండు కొట్లో, పది మంది ముందు!

గొడుగావిడ మొహం గొడుగు కన్నా ఎర్రబడింది. "గురువారం పొద్దున బయటి పరీక్షకుణ్ణి పిలిపించండి. రాయి మారలేదని తేలితే, ఇదే మనిషి నాకు క్షమాపణ చెప్పాలి," అని ఉంగరం తీసుకుని వెళ్ళిపోయింది. యజమాని గారు దానికి ఇంకో ముక్క తగిలించారు. "చీటీ తప్పని తేలితే, మాస్టారూ, మేడ మీద మీరు కూర్చునే ఆ కిటికీ పక్క కుర్చీ ఖాళీ చెయ్యాల్సి ఉంటుంది."

అదీ సంగతి. గురువారం రానే వచ్చింది.

ఆ పొద్దున మా ఇంట్లో ఎవరికీ నోట్లోకి ముద్ద దిగలేదు, అత్తయ్యకి తప్ప. ఆవిడ తినేసి, పళ్ళెం కడిగేసి, పుదీనా వాసన కొట్టే క్రీము డబ్బాతో మామయ్య ఎదురుగా వచ్చి కూర్చుంది.

"చేతులివ్వండి."

"ఇవాళ వద్దే."

"పరీక్షుందని చెబితే పగుళ్ళు మానేస్తాయా? ఇవ్వండి."

మామయ్య చేతులు చాచారు. ఇన్నేళ్ళ కాపురంలో అత్తయ్య మీద ఆయన నెగ్గిన వాదన ఒక్కటి కూడా నాకు తెలియదు. అత్తయ్య ఆ రెండు చేతుల్నీ తన గుప్పిట్లో బిగించి పట్టుకుని రుద్దుతూనే ఉంది. చాలాసేపు పట్టుకుంది. అంతసేపు ఎందుకు పట్టుకుందో అప్పుడు నా మట్టిబుర్రకి తట్టలేదు.

రాళ్ళు చూసే గది దుకాణం మేడ మీద ఉంటుంది. దానికి ఒకే ఒక కిటికీ, అదీ ఉత్తరం వైపు. సూటిగా ఎండ పడని వెలుగులోనే వజ్రం అసలు రంగు బయటపెడుతుంది. కింద కొట్లో పెట్టిన దీపాలు చూశారుగా, వాటి కింద గాజు పెంకు పెట్టినా మిలమిలా మెరుస్తుంది. మీరెప్పుడైనా కొనడానికి వెళితే రాయిని గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో చూడండి. వద్దని అడ్డుపడే దుకాణమైతే అటునుంచి అటే ఇంటికెళ్ళిపోండి.

తొమ్మిదిన్నరకి అందరూ చేరారు. పరీక్షకుడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మాట మాట్లాడితే అరిగిపోతుందేమో అన్నట్టున్నాడు. యజమాని గారి చేతిలో ఎప్పటిలాగే చల్లారిన టీ కప్పుంది. ఆయన వేడి టీ తాగడం నేను ఈ ఏడాదిలో చూడలేదు. చివరగా గొడుగావిడ గుమ్మంలో కనిపించింది.

"ఆ గొడుగు బయట పెట్టండి," అన్నారు మామయ్య తల తిప్పకుండానే.

"ఏం, అది కూడా నేను మార్చి తెచ్చానా?"

"దాని ఎరుపు రాయి మీద పడుతుందండీ," అన్నాను నేను మధ్యలో దూరి. "మేమూ అందుకే తెల్లకోట్లు వేసుకుంటాం."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, గొడుగు బయట గోడకి ఆనించి వచ్చింది.

నగిషీ పనివాడు కిందే, రాయిని పట్టి ఉంచే ఉంగరం గోళ్ళు విప్పి, రాయిని ఊడదీసి పంపాడు. అది తెల్ల కాగితం మడతలో కందిగింజంత ఉంది. దానికోసం ఐదుగురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

మొదటి పని నాదే. ఇది మేమమ్మిన రాయేనా, కాదా? ప్రతి వజ్రం లోపలా ఏవో పుట్టుమచ్చలుంటాయి. వాటిని చీటీ మీద బొమ్మ గీసి పెట్టుకుంటాం. ఈ చీటీలో అంచు దగ్గర చిన్న ఈకలాంటి గీత, దాని పక్కన రెండు నల్ల చుక్కలు ఉన్నాయి. బొమ్మ నేను గీసిందే. ఆరు నెలలుగా చీటీలన్నీ నేనే రాస్తున్నాను. "నీ దస్తూరీ అచ్చు గుద్దినట్టుంటుంది తల్లీ, నువ్వే రాసెయ్, కింద సంతకం కూడా పెట్టెయ్," అని మామయ్య మెచ్చుకుంటే పొంగిపోయి రాశాను.

పట్టకారుతో రాయిని ఎత్తి, భూతద్దం కంటికి ఆనించాను. మెల్లగా తిప్పాను.

ఈక కనబడింది. దాని పక్కన రెండు చుక్కలు.

రాయి మనది కాదని చెబితే మామయ్య నెగ్గుతారు. కానీ ఆ ఈక నా కళ్ళెదుట రెపరెపలాడుతూ ఉంటే ఎలా చెప్పను?

"మనదే మామయ్యా. రాయి మారలేదు."

గొడుగావిడ కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలింది. మూడు రోజులుగా ఆ ఊపిరిని లోపలే దాచుకున్నట్టుంది పాపం. మామయ్య మాత్రం నా వంక చూడలేదు.

"అయితే నా కన్నే పోయిందంటావా?" అన్నారు నెమ్మదిగా.

పరీక్షకుడు తన సంచిలోంచి ఐదు రాళ్ళ పెట్టె తీశాడు. ఇవి కొలతరాళ్ళు. బట్టకి గజంబద్ద ఎలాగో వజ్రం తెలుపుకి ఇవి అలాగ. ఒకటోది మంచినీళ్ళంత తెలుపు, ఐదోదానికి వచ్చేసరికి లేత పసుపు. చూడాల్సిన రాయిని వాటి మధ్య తలకిందులుగా పెట్టి, ఏ రాయితో సరితూగితే అది ఆ మెట్టని చెబుతారు. ఆయన గొడుగావిడ రాయిని రెండోదాని పక్కన పెట్టాడు, తల అడ్డంగా ఊపాడు. మూడోదాని పక్కన పెట్టాడు.

"మూడు," అన్నాడు.

యజమాని గారు టీ కప్పు కింద పెట్టి కిటికీ పక్క కుర్చీ వంక చూశారు. అంతే, మామయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యారు.

"ఆగండి! అమ్మాయ్, మన పెట్టె తియ్."

మా కొలతరాళ్ళ పెట్టె తెరిచి వరసగా పేర్చాను. యజమాని గారి నాన్నగారు తన చేత్తో మామయ్యకి అప్పగించిన పెట్టె అది. గొడుగావిడ రాయిని మా రెండోదాని పక్కన పెట్టాను.

"ఇప్పుడు చూడండి. కళ్ళు పెట్టుకుని చూడండి!" అన్నారు మామయ్య.

పరీక్షకుడు వంగాడు. ఒకసారి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"సరిపోయింది," అన్నాడు. ఆ పొద్దున ఆయన గొంతులో ఆశ్చర్యం వినబడడం అదే మొదటిసారి. "ఇది మీ రెండోదానితో అచ్చంగా సరిపోయింది."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మామయ్య కన్ను పోలేదు! ఎదురుగా ఉన్న కొలతకి వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పారాయన. ఒకే రాయి ఒక పెట్టెలో రెండు, ఇంకో పెట్టెలో మూడు. మరి ఏ పెట్టె నిజం?

"మీ పెట్టే తప్పు," అన్నారు మామయ్య.

"పోయిన నెలే సరిచూపించాను. మీదెప్పుడు చూపించారు?"

"నా పెట్టెని వేలెత్తి చూపిన మగాడు ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో పుట్టలేదు!"

"నేను ఆడదాన్నండీ, నేను చూపిస్తున్నా," అంది గొడుగావిడ. యజమాని గారు ఎవరి వైపు మాట్లాడాలో తెలియక చల్లటి టీ గడగడా తాగేశారు.

వాళ్ళ అరుపుల మధ్య నేను మా రెండో రాయి మీదికి వంగాను. అప్పుడు తగిలింది ముక్కుకి.

పుదీనా.

మళ్ళీ వాసన చూశాను. భ్రమ కాదు. భూతద్దం లాక్కుని రాయిని పక్కకి తిప్పాను. వజ్రానికి పైభాగం, కిందిభాగం కలిసేచోట నడుములాంటి అంచు ఉంటుంది. మిగతా నాలుగు కొలతరాళ్ళకీ ఆ అంచు నునుపుగా ఉంది. ఈ రెండోది మాత్రం పాతకాలపు సాన, అంచు ఇసక కాగితంలా గరుకు. ఆ గరుకు నిండా, చుట్టూతా, మసిబారిన గోధుమ రంగు గీత.

"మురికి!" అని కేకేశాను. అందరూ ఉలిక్కిపడ్డారు. "మామయ్యా, మన రెండోదాని నడుముకి జిడ్డు పట్టింది! ఆ జిడ్డు రంగు రాయంతా పరుచుకుని ఒక మెట్టు పచ్చగా చూపిస్తోంది. మనం దాని పక్కన మూడోమెట్టు రాయి పెట్టి, రెండూ ఒకటేనని రాసేస్తున్నాం!"

"వజ్రం నీటికి అంటదు గానీ జిడ్డు కనబడితే వదలదు," అన్నాడు పరీక్షకుడు నెమ్మదిగా. "కడగండి."

"ఆ పెట్టెని ఎవ్వరూ ముట్టుకోకూడదని మా నాన్న..." అంటూ యజమాని గారు లేచారు.

"కూర్చోండి బాబూ, కడగనివ్వండి," అంది గొడుగావిడ.

వేడి సబ్బునీళ్ళలో నానబెట్టాను. మెత్తటి కుంచెతో అంచు చుట్టూ రుద్దాను. స్పిరిట్‌లో ముంచాను. మళ్ళీ సబ్బు, మళ్ళీ కుంచె. నా చెమట రాయి మీద పడుతుందేమోనని మెడ వెనక్కి పెట్టుకుని రుద్దుతుంటే గొడుగావిడ తన చేతిరుమాలుతో నా నుదురు తుడిచింది. మామయ్య చేత దొంగ అనిపించుకున్న మనిషి! చివరికి రాయిని ఆరబెట్టి, తెల్ల కాగితం మడతలో దాని చోట దాన్ని పెట్టాను.

చీకటి గదిలో కిటికీ తలుపు తీసినట్టయింది. మా రెండోది తళుక్కున తెల్లబడింది. దాని పక్కన గొడుగావిడ రాయి పాపం లేత పసుపుగా, మూడోదాని చెల్లెల్లా నిలబడింది. పరీక్షకుడు తన రెండోదాన్ని మా రెండోదాని పక్కన పెట్టాడు. రెండూ కవలలు.

"మీ చూపులో తప్పు లేదు," అన్నాడాయన మామయ్యతో. "కొలత చెడింది. నేనయినా ఈ రాయి పక్కన రెండనే రాసేవాణ్ణి."

యజమాని గారు మామయ్య భుజం తట్టారు. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేశాను. గొడుగావిడ కూడా నవ్వింది. కుర్చీ దక్కిందని నా ప్రాణం లేచొచ్చింది. పరీక్షకుడు భూతద్దం మడిచి జేబులో పెట్టుకుంటూ ఆగాడు.

"ఒక్క అనుమానం. కొలతరాళ్ళని పట్టకారుతో తప్ప ముట్టుకోం కదా. దీనికి చేతి జిడ్డెలా పట్టింది?"

నా చప్పట్లు ఆగిపోయాయి.

ఆరు నెలలుగా తెలుపు చూసే వేళకి మామయ్య నన్ను కూడా బయటికి పంపి, ఈ గది తలుపు లోపల గడియ పెట్టుకుంటున్నారు. ఆరు నెలలుగా టీ కప్పు సగం నింపితే చాలంటున్నారు. నా దస్తూరీ అంత బాగుందని ఆయనకి ఆరు నెలల కిందటే తెలిసింది. పొద్దున అత్తయ్య ఆ చేతుల్ని అంత గట్టిగా ఎందుకు పట్టుకుందో కూడా అర్థమయింది. నా కళ్ళు చెమర్చాయి, నోరు మాత్రం ముందే తెరుచుకుంది.

"నేనండీ. నేర్చుకునే కొత్తలో తెలియక వేళ్ళతో పట్టుకున్నాను. తప్పు నాదే."

"పుదీనా క్రీము రాసుకునేది నువ్వా?" అన్నారు మామయ్య.

"మామయ్యా, మీరు ఊరుకోండి."

"నువ్వు ఊరుకో తల్లీ." ఆయన కుర్చీ ముందుకి లాక్కుని పట్టకారు అందుకున్నారు. అందరం చూస్తుండగా గొడుగావిడ రాయిని పట్టి పైకెత్తారు. కాగితానికి జానెడు పైన ఆయన చెయ్యి గడగడలాడింది. పట్టు జారింది. రాయి చిటుక్కుమని ఎగిరింది.

"కదలొద్దు!" అని ముగ్గురం ఒకేసారి అరిచాం.

రాళ్ళ గదుల్లో ఇది కట్టుబాటు. వజ్రం కింద పడితే ఉన్నవాళ్ళు ఉన్నట్టే బిగుసుకుపోవాలి. ఎత్తిన కాలు దించకూడదు, తుమ్ము వచ్చినా మింగాలి. చెప్పు కింద పడిందంటే ఇక ఆ రాయి ఏ వీధికి పోతుందో ఎవరికీ తెలియదు. యజమాని గారు కప్పు పట్టుకుని వంగినవారు వంగినట్టే ఉన్నారు. గొడుగావిడ అప్పుడే లేవబోయి ఒంటికాలి మీద ఆగిపోయింది.

అందరం అలా బిగుసుకుని ఉండగానే మామయ్య మాట్లాడారు.

"ఆర్నెల్లయింది ఈ వణుకు మొదలై. పట్టకారు నిలవడం లేదు. కన్ను బాగానే ఉందిగా, చెయ్యి సంగతి ఎవరికీ ఎందుకులే అనుకుని వేళ్ళతో పట్టుకున్నాను. నా కొలతని నేనే పాడుచేసుకున్నాను." ఆయన చెయ్యి దాచుకోలేదు, బల్ల మీదే పెట్టారు, అది వణుకుతూనే ఉంది. "అమ్మా, నిన్ను నలుగురిలో దొంగన్నాను. నీ రాయిని చూడకుండా అన్నాను. నన్ను క్షమించు. ఈ మాట కింద కొట్లో, ఆ పది మంది ముందు మళ్ళీ చెబుతాను."

గొడుగావిడ ఒంటికాలి మీదే కాస్త ఊగింది.

"క్షమించానండీ. ముందు నన్ను కాలు దించుకోనివ్వండి, లేకపోతే మీ మీదే పడేటట్టున్నాను."

నేను నేల మీద బోర్లా పడుకుని చెంప ఆనించి వెతికాను. ఆవిడ ఎత్తిన కాలికి సరిగ్గా కింద, బెత్తెడు దూరంలో మెరిసింది. తొందరపడి కాలు వేసిందంటే ఏ సందులోకి ఎగిరిపోయేదో! ఎత్తి కాగితంలో పెట్టాక అందరం ఒక్కసారిగా కూలబడ్డాం. నవ్వూ ఏడుపూ కలిసొచ్చి నేను ముక్కు చీదుకున్నాను.

"రాయి నాకే ఉండనివ్వండి, ఎక్కువ తీసుకున్నది ఇప్పించండి, చీటీ మూడని మార్చివ్వండి. నాకు అంతే చాలు," అంది గొడుగావిడ. ఆగి, బల్ల మీది పెట్టె వంక చూసింది. "కానీ మాస్టారూ, ఈ మురికి పట్టిన రాయితో ఇంకెంతమందికి రెండని రాశారు?"

యజమాని గారికి ఖాళీ కప్పు నోట పెట్టుకున్నా పొలమారింది.

పరీక్షకుడు చీటీల పుస్తకం ముందుకి లాక్కుని ఆరు నెలల వెనక్కి తిప్పాడు. ఒక్కొక్క పేజీ మీదా వేలు పెట్టుకుంటూ వచ్చాడు. రెండో మెట్టు. రెండో మెట్టు. రెండో మెట్టు. నా గుండ్రటి అక్షరాలు, నా బొమ్మలు.

"ముప్పై ఏడు," అన్నాడు. "ఇది నేను వ్యాపారుల సంఘానికి రాయక తప్పదు. చూసినవారు అన్నచోట అన్నింటికీ ఒకటే సంతకం ఉంది. ఇదెవరిది?"

"నాది," అన్నాను.

"రాళ్ళు చూసింది నేను!" అన్నారు మామయ్య.

"ఇందాక రాయిని వేళ్ళతో ముట్టుకుంది తనేనని ఈ అమ్మాయే చెప్పింది. మేమంతా విన్నాం." పరీక్షకుడు కలం మూత తీసి, మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూశాడు. "కోడలు మామగారిని కాపాడుతోందని రాయనా, మామగారు కోడల్ని కాపాడుతున్నారని రాయనా?"

మామయ్య లేచి నిలబడ్డారు. కిటికీ పక్క కుర్చీని వణికే చేతులతోనే వెనక్కి లాగి నా వైపు తిప్పారు.

"కూర్చో తల్లీ," అన్నారు. "కూర్చుని, ఆయనకి నిజం చెప్పు."